రెండో నిమిషం దాకా వినండి



పీటీఎంలో మార్కుల షీటు మీద సంతకం అయిపోయాక, కుర్చీలోంచి లేవబోతూ కొందరు గొంతు తగ్గించి ఒక మాట అంటారు. "మేడమ్, ఎప్పుడు చూసినా చెవుల్లో అవి పెట్టుకునే ఉంటాడు. తెలుగు పాటలైనా కాదు. ఎవరో ఇంగ్లిష్‌లో అరుస్తుంటారు. మీరు చెబితే వింటాడు, కాస్త చెప్పండి." పక్కన నిలబడ్డ పిల్లాడు నేల చూపులు చూస్తుంటాడు. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లల ఇళ్లల్లోంచి ఈ ఫిర్యాదు ఎక్కువగా వస్తుంది. ఆడపిల్లల తల్లులు "అరుపులు" అనరు. "ఒకటే పాట మేడమ్, ఒకటే పాట, రోజంతా అదే" అంటారు.

మీరు చెప్పమన్నది నేను పిల్లలకు చెప్పలేదు. మీకే చెబుదామని ఇది రాస్తున్నాను. ఇంగ్లిష్ పాఠాలు చెప్పే టీచర్, ఇదే పత్రికలో ఇంగ్లిష్ పేజీలు ఉండగా తెలుగులో ఎందుకు రాస్తోందని అడగొచ్చు. ఆ పేజీలు పిల్లలు చదువుతారు. ఇంట్లో తలుపు ఇవతల నిలబడే అమ్మా నాన్నా చదవాలని ఇది తెలుగులో రాస్తున్నాను.

నా మాట చిన్నదే. పిల్లల పాటను మధ్యలో ఆపించకండి. ఆపించాలనే అనిపిస్తే, ఆ పనికి ముందు ఒక్కసారి పక్కన కూర్చుని మొదటి నుంచి చివరిదాకా వినండి. ఎందుకంటున్నానో చెప్పడానికి నాకు బాగా తెలిసిన ఒక్క పాటను తీసుకుంటాను. దాని పేరు నంబ్. పాడింది లింకిన్ పార్క్ అనే అమెరికన్ బ్యాండ్. నా ఇంటర్ రోజుల్లో నాకు ప్రాణం లాంటి పాట. విచిత్రం ఏమిటంటే ఇవాళ నా తొమ్మిదో తరగతి పిల్లల్లోనూ కొందరికి ఇదే ప్రాణం. వాళ్లు పుట్టకముందు వచ్చిన పాట ఇది.

నంబ్ 2003లో వచ్చింది. మన బోరబండ వాళ్లకు ఆ సంవత్సరం ఇంకోరకంగా గుర్తుండాలి. ఎంఎంటీఎస్ రైళ్లు మొదలైంది ఆ ఆగస్టులోనే. పాట సెప్టెంబరులో సింగిల్‌గా విడుదలైంది. అంతకుముందు మార్చిలో వచ్చిన మీటియోరా ఆల్బమ్‌లో ఇది చిట్టచివరి పాట. మీటియోరా అంటే గ్రీసులో నిటారు కొండరాళ్ల మీద కట్టిన మఠాలున్న చోటు. బ్యాండ్ పుట్టింది కాలిఫోర్నియాలో. పాడినవాడు చెస్టర్ బెన్నింగ్టన్. మామూలుగా ర్యాప్ చేసే మైక్ షినోడా ఈ పాటలో వెనకనుంచి గొంతు కలుపుతాడంతే. దీన్ని ఆల్టర్నేటివ్ రాక్ అంటారు. కొందరు ను మెటల్ అంటారు. ఆ పేర్లతో మనకు పెద్దగా పనిలేదు. మొదట మెల్లగా, పియానో లాంటి నాలుగైదు స్వరాలు తిరుగుతుంటాయి. గొంతు దాదాపు మాట్లాడినట్టు మొదలవుతుంది. తర్వాత ఒక్కసారిగా గిటార్లు, డ్రమ్ములు మీద పడతాయి, గొంతు పైకి లేస్తుంది. మళ్లీ తగ్గుతుంది. మళ్లీ లేస్తుంది. మొత్తం మూడు నిమిషాల పైచిలుకు. ఇందులో ఒక్క బూతు మాట కూడా లేదు. ఆ భయం ఉన్నవాళ్ల కోసం ఇది ముందే చెబుతున్నాను.

అప్పట్లో ఇలాంటి పాటలు మాకు ఎలా దొరికేవో ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. మొబైల్ షాపులో మెమరీ కార్డు ఇస్తే పాటలు ఎక్కించేవాడు. అతని దగ్గర ఫోల్డర్లు ఉండేవి: భక్తి, పాతవి, కొత్తవి, డీజే, ఇంగ్లిష్. ఇంగ్లిష్ ఫోల్డర్‌లో ఏమున్నాయో అతనికే తెలియదు, గంపగుత్తగా ఎక్కించేసేవాడు. ఒకరి ఫోన్లోకి వచ్చిన పాట బ్లూటూత్ మీద క్లాసంతా పాకేది. రెండు ఫోన్లు ఆనించి పట్టుకుని, సగం దాకా వచ్చి ఆగిపోతే మళ్లీ మొదటి నుంచి. నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్నప్పుడు, 2013లో, నంబ్ నాకు అలాగే వచ్చింది. మాటలు చెవికి అందినంత వరకు లాంగ్ నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకునేదాన్ని. ఖాళీలు వదిలి, మర్నాడు ఫ్రెండ్‌తో కలిసి నింపేదాన్ని. డిక్టేషన్ పెట్టినా అంత శ్రద్ధగా రాసి ఉండను.

అలా డిక్షనరీ తీసి వెతికిన మొదటి మాట పాట పేరే. నంబ్ అంటే తిమ్మిరెక్కిన, మొద్దుబారిన, స్పర్శ తెలియని అని అర్థం. మనకు తెలియని సంగతి కాదిది. కాలు తిమ్మిరెక్కింది అంటాం, మనసు మొద్దుబారింది అంటాం. ఒంటికీ మనసుకూ ఒకేలాంటి మాటలు వాడతాం. కాలు ఎందుకు తిమ్మిరెక్కుతుంది? దానిలో లోపముండి కాదు. చాలాసేపు ఒకే భంగిమలో కూర్చోవడం వల్ల నరం నొక్కుకుపోతుంది, రక్తప్రసరణ తగ్గుతుంది, స్పర్శ పోతుంది. లేచి నిలబడితే మళ్లీ స్పర్శ వస్తుంది కానీ హాయిగా రాదు, సూదులు గుచ్చినట్టు వస్తుంది. అప్పుడు మనం అబ్బా అని అరుస్తాం. కాలు చచ్చుబడి ఉన్నంతసేపూ అరవం.

టీచర్‌గా నాకు పనికొచ్చిన ఆలోచన ఇదే. అరిచే పాటలు వినే పిల్లలను చూస్తే నాకు అంత భయం వేయదు. ఏమడిగినా "ఓకే మేడమ్", ఇంట్లో ఏమన్నా "సరే అమ్మా" అని ఏ పాటా వినకుండా, దేనికీ నవ్వకుండా తిరిగే పిల్లలను చూస్తే భయం వేస్తుంది. వాళ్ల గురించి ఏ పీటీఎంలోనూ ఫిర్యాదు రాదు. "చాలా బుద్ధిమంతుడు మేడమ్" అంటారు.

ఇక ఆ పాటలో ఏముందో చెబుతాను. నేను పాటలోని మాటలు ఇక్కడ దింపడం లేదు, భావం మాత్రమే చెబుతున్నాను. ఒక మనిషి తనకన్నా పెద్దవాళ్లతో మాట్లాడుతున్నాడు. ఆ పెద్దవాళ్లు ఎవరో పాటలో చెప్పడు. తండ్రి కావచ్చు, తల్లి కావచ్చు, గురువు కావచ్చు. మీరు కోరుకున్నట్టు ఉండి ఉండి అలసిపోయానంటాడు. మీ చెప్పుల్లో నా కాళ్లు పెట్టి నడవమంటే వేసే ప్రతి అడుగూ తప్పే అవుతోందంటాడు. నన్ను మీ గుప్పిట్లో అంత గట్టిగా పట్టుకున్నది, చేజారిపోతాననే భయంతోనే కదా అని అడుగుతాడు. చివరికి నాకేమీ అనిపించడం లేదు అంటాడు. పాట పేరు అక్కడి నుంచే వచ్చింది.

ఇదంతా తలుపు ఇవతల నుంచి మీకు వినిపించేదే. మాటలు అర్థం కాకపోయినా గొంతులో కోపం అర్థమవుతుంది. "మనమీదే ఏదో అంటున్నాడు" అని తల్లి మనసు కనిపెట్టేస్తుంది. నిజమే, మనమీదే అంటున్నాడు.

కానీ పాట రెండు నిమిషాల దగ్గరికి వచ్చేసరికి చిన్న మలుపు ఉంది. వాయిద్యాలు వెనక్కి తగ్గుతాయి. అప్పటిదాకా నిలదీస్తున్నవాడు, ఒకవేళ నేనూ ఓడిపోతానేమో అని ఒప్పుకుంటాడు. ఒప్పుకుని, ఎదుటి మనిషి వైపు చూస్తాడు. నువ్వూ ఒకప్పుడు నాలాంటివాడివే, నీ మీదా ఎవరో ఆశలు పెట్టుకుని నిరాశపడే ఉంటారు, అది నాకు తెలుసు అనే భావం వస్తుంది అక్కడ. ఆ తర్వాత మళ్లీ హోరు మొదలవుతుంది, పాట అయిపోతుంది.

పాట మొత్తంలో తల్లిదండ్రుల కోసం ఉన్న చోటు అదొక్కటే. సరిగ్గా అక్కడికి రాకముందే మనం తలుపు కొడతాం. "సౌండ్ తగ్గించు, రేపు యూనిట్ టెస్టు లేదూ?" అంటాం.

పిల్లలు అదే పాటను మళ్లీ మళ్లీ ఎందుకు పెట్టుకుంటారని అడిగితే, నా అనుభవం కొద్దీ చెప్పగలిగింది ఇది. కోపం కోసమైతే ఇరవైసార్లు వినక్కర్లేదు, ఒక్కసారికే తీరుతుంది. అన్నిసార్లు విన్నది ఆ మలుపు కోసమే. నాన్న కూడా ఒకప్పుడు నాలాంటివాడే అనే ఊహ పదహారేళ్ల పిల్లకు ఎంత పెద్ద ఊరటో మాటల్లో చెప్పడం కష్టం.

మా ఇంట్లో ఇది ఊహగా మిగిలిపోలేదు. నాన్న సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేసేవారు. నేను ఎంపీసీ. మా కాలేజీలో ప్రతి వారం టెస్టు, ప్రతి సోమవారం గోడకు ర్యాంకుల లిస్టు. నాన్న షిఫ్టు దిగి వచ్చి బూట్లు విప్పుతూనే "ఎంతొచ్చింది?" అనేవారు. దేంట్లో అని అడగక్కర్లేదు. ఒక ఆదివారం మేడ మీద బట్టలు తీస్తూ ఫోన్ స్పీకర్‌లో ఈ పాట పెట్టాను. నాన్న పైకి వచ్చి కాసేపు విని, "ఏమంటుండు వాడు? ఎందుకట్ల మొత్తుకుంటుండు?" అన్నారు. కోప్పడలేదు, నిజంగానే అడిగారు. పాట ఆపి, మళ్లీ మొదటి నుంచి పెట్టి, ఆపుతూ ఆపుతూ తెలుగులో చెప్పాను. చెప్పేటప్పుడు భయం వేసింది. నా మాటలు కాదు, వాడి మాటలే కదా అన్న ధైర్యంతో చెప్పాను. పాట వల్ల వచ్చే లాభాల్లో ఇదొకటి. మన నోటితో అనలేనిది ఇంకొకరి నోటితో అనొచ్చు.

ఆ మలుపు దగ్గరికి వచ్చి అర్థం చెప్పాక నాన్న గోడకు ఆనుకుని కూర్చున్నారు. పాలమూరు పక్క ఊళ్లో మా తాత ఆయన్ని సారుగా చూడాలనుకున్నాడట. నాన్న ఇంటర్ లెక్కల్లో తప్పారు. ఒక సంచి పట్టుకుని రాత్రి బస్సులో పట్నం వచ్చేశారు, రెండేళ్లు ఊరికి పోలేదు. "మా నాయన పోయేదాక నేను తప్పిన సంగతే యాదిజేసేటోడు" అన్నారు. పదహారేళ్లు ఒకే ఇంట్లో ఉండి నాకు ఆ సంగతి తెలియదు.

ఆ సాయంత్రంతో అంతా మారిపోయిందని చెప్పను. తర్వాతి సోమవారం కూడా "ఎంతొచ్చింది?" అనే అడిగారు. అయితే ఆ ప్రశ్న నా చెవికి వేరేగా వినిపించడం మొదలైంది. అందులో కోపం కన్నా భయం ఎక్కువుందని తెలిసింది. భయపడే మనిషికి జవాబు చెప్పడం, కోప్పడే మనిషికి చెప్పడమంత కష్టం కాదు.

ఇక్కడ కొందరు పెద్దలు అభ్యంతరం చెబుతారు. "ఇవన్నీ అక్కడి సంస్కృతి మేడమ్. మన దగ్గర పెద్దవాళ్లను పట్టుకుని ఇలా పాడటం ఉందా?" అని.

ఉంది. బోరబండ నుంచి గోల్కొండ కోట ఎంతో దూరం లేదు. పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు రామదాసు బందీఖానా చూసే ఉంటారు. పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న ప్రభుత్వ సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి, తానీషా కాలంలో జైలుపాలై, పన్నెండేళ్లు అక్కడ గడిపాడని చెప్పుకుంటాం. ఆ జైల్లో ఆయన పాడినవన్నీ వినయంగా ఉన్నాయా? ఒక కీర్తనలో ఏ నగకు ఎంత ఖర్చయిందో లెక్కలు తీసి సాక్షాత్తు రాముణ్ణే నిలదీస్తాడు. అదే కీర్తన చివరికి వచ్చేసరికి, దెబ్బలకు తాళలేక తిట్టాను, ఏమీ అనుకోకు అన్నట్టు బతిమాలుతాడు. అదీ సగంలో ఆపి వింటే తిట్టులాగే ఉంటుంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు పాడగా విని కళ్లు తుడుచుకున్న ఇళ్లు మనవి. రామదాసుకు పెంపకం సరిగా లేదని ఎవరైనా అన్నారా? అంత చనువుంటేనే అలా అడుగుతారని మనకు తెలుసు. దీనికి నిందాస్తుతి అని ఒక పేరు కూడా పెట్టుకున్నాం.

భక్తిని, రాక్ పాటను ఒకే గాటన కట్టడం లేదు నేను. రామదాసు అడిగింది దేవుణ్ణి, చెస్టర్ బెన్నింగ్టన్ అడిగింది మనిషిని. కానీ మనల్ని కాపాడాల్సినవాళ్ల మీద మనకు కోపం వస్తుందని, ఆ కోపాన్ని పాటగా పాడితే తప్పులేదని మన పెద్దలకు ఎప్పుడో తెలుసు అంటున్నాను.

దూరం పోనక్కర్లేదు. 2006 గుర్తు చేసుకోండి. నాగార్జున గారి శ్రీరామదాసు వచ్చిన ఏడాదే బొమ్మరిల్లు కూడా వచ్చింది. మీలో చాలామందికి అప్పుడు ఇరవై, ఇరవై రెండేళ్లు ఉంటాయి. సిద్ధార్థ్ వేసుకునే చొక్కా దగ్గర నుంచి చేసుకోబోయే పిల్ల దాకా అన్నీ ప్రకాశ్‌రాజే తేల్చేస్తుంటాడు. అతను చెడ్డవాడు కాదు. కొడుకంటే ప్రాణం. చివర్లో సిద్ధార్థ్ తండ్రి ముందు నిలబడి ఇన్నేళ్లూ మింగుకున్నదంతా బయటపెడతాడు. ఆ సీనుకు కళ్లనీళ్లు పెట్టుకున్న మీరు అప్పుడు కొడుకు పక్షాన ఉన్నారు. ఇప్పుడు టీవీలో వస్తే ఏ పక్షాన ఉంటున్నారో మీకే తెలియాలి. ఆ సినిమా మళ్లీ చూసేటప్పుడు తొమ్మిదో తరగతి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. టైంపాస్‌కే అయినా సరే.

ఇంకో అభ్యంతరం ఉంది. దాన్ని తేలిగ్గా తీసేయలేను. చెస్టర్ బెన్నింగ్టన్ 2017 జూలై 20న, 41 ఏళ్ల వయసులో, తన ప్రాణం తానే తీసుకున్నాడు. "అలాంటివాడి పాటలు వింటే పిల్లలకు అలాంటి ఆలోచనలే వస్తాయి కదా" అని ఒక తండ్రి నన్ను అడిగారు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. మన రెండు రాష్ట్రాల్లో ఇంటర్ ఫలితాల రోజుల్లో వచ్చే వార్తలు చదివిన ఏ తల్లికైనా ఆ భయం ఉంటుంది. బెన్నింగ్టన్ బాధలు చిన్నతనం నుంచీ ఉన్నవి. చిన్నప్పుడు తనమీద జరిగిన అఘాయిత్యం గురించి, వ్యసనాలతో తన పోరాటం గురించి అతనే బాహాటంగా మాట్లాడాడు. అతను పోయిన రోజు నేను డిగ్రీలో ఉన్నాను. ఎప్పుడూ చూడని మనిషి కోసం ఏడ్చాను. ఆ రాత్రి నా పాత క్లాస్‌మేట్లు ఒకరికొకరు ఫోన్ చేసుకున్నారు. "నువ్వు బాగానే ఉన్నావు కదా?" అని అడగడానికే. మామధ్య అలాంటి ప్రశ్న అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

దుఃఖపు పాట వినడం జబ్బు కాదు. పాట వచ్చి బాధను పెట్టిపోదు. ఉన్న బాధకు మాట దొరికితే పిల్లలు దాన్ని పట్టుకుంటారు. అయితే పాటతో పాటు ఇంకేమైనా మారుతున్నాయా అన్నది మీరు చూడాలి. నిద్ర పోయిందా, తిండి తగ్గిందా, రోజూ వచ్చే స్నేహితులు రావడం మానేశారా, ఇష్టమైన వస్తువులు ఎవరికో ఇచ్చేస్తున్నారా, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాటలు సరదాగానైనా అంటున్నారా. ఇలాంటివి కనిపిస్తే ఇయర్‌ఫోన్లు లాక్కుని కూర్చోకండి. ఆరోజే మాట్లాడండి, సూటిగా అడగండి. అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. స్కూల్‌కు చెప్పండి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు పిల్లల కోసమే కాదు, మీ కోసం కూడా.

మీ కోసం అని ఎందుకన్నానంటే, ఫీజు కౌంటరు దగ్గర మీ ముఖాలు నేను చూస్తాను. ఈ గల్లీల్లో పెరిగినదాన్ని, తెలియనట్టు ఎలా ఉంటాను? బోరబండలో రైలెక్కితే తర్వాతి స్టేషను హైటెక్ సిటీ. ఒక్క స్టేషనే. ఆ ఒక్క స్టేషను దూరం దాటించడానికి మీరు క్యాబ్ నడుపుతున్నారు, రెండు షిఫ్టులు సెక్యూరిటీ చేస్తున్నారు, మిషన్ కుడుతున్నారు, చిట్టీ పాడుకుని టర్మ్ ఫీజు కడుతున్నారు. అద్దాల బిల్డింగులోకి మీరు ఏ గేటు నుంచి వెళ్తున్నారో, మీ పిల్లలు ఆ గేటు నుంచి వెళ్లకూడదని మీ పట్టుదల. ఆ పట్టుదలను తప్పుబట్టే హక్కు నాకు లేదు. అదే పట్టుదల వల్ల నేను ఇవాళ ఈ బోర్డు ముందు నిలబడ్డాను.

అయితే "నీ కోసమే ఇంత కష్టపడుతున్నాం" అన్న మాటను పిల్లలు ఎలా వింటారో కూడా నాకు తెలుసు. మీరు ప్రేమగా అంటారు. వాళ్ల చెవికి అప్పు చీటీలా వినిపిస్తుంది. వడ్డీతో సహా ఎప్పుడు తీర్చాలి, తీర్చలేకపోతే ఏమవుతుంది అని లెక్కలు వేసుకుంటారు. అప్పులవాడు ఎదురుగా కూర్చుంటే ఎవరు మనసు విప్పి మాట్లాడతారు? అందుకే తలుపు వేసుకుంటారు, పాట పెట్టుకుంటారు.

పాట వల్ల ఇంగ్లిష్ వస్తుందా అని అడిగేవాళ్లూ ఉన్నారు. వస్తుంది. యాస వస్తుంది, మాటలు ఎక్కడ కలిపి పలకాలో తెలుస్తుంది, గ్రామర్ పుస్తకంలో చచ్చినా గుర్తుండని వాక్యాలు నోటికి వస్తాయి. కానీ దయచేసి ఆ కారణంతో పాటలు వినిపించకండి. స్పోకెన్ ఇంగ్లిష్ కోసం అని మొదలుపెడితే పిల్లలకు మిగిలిన ఆ ఒక్క మూలా ట్యూషన్ అయిపోతుంది. "ఈ మాటకు అర్థం చెప్పు, స్పెల్లింగ్ చెప్పు" అని మొదలుపెట్టిన మరుక్షణం పాట చచ్చిపోతుంది. ఇంగ్లిష్ టీచర్ నోట ఇది రాకూడని మాటేనేమో, అయినా అంటున్నాను.

హద్దులు వద్దని కాదు. పదకొండు దాటాక ఫోన్ హాల్లో పెట్టమనండి, అది మీ హక్కు. సౌండ్ సంగతీ పట్టించుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల చెవులకు చెప్పిన హద్దు 75 డెసిబెల్స్, అదీ వారానికి 40 గంటలు మించకుండా. ఫోన్ సౌండ్ సగం దాటి ఎక్కువ పెంచకుండా అలవాటు చేస్తే మంచిది. బూతులున్న పాటలైతే ఎందుకు వద్దో చెప్పండి. టైముకు హద్దు పెట్టండి, సౌండ్‌కు హద్దు పెట్టండి. ఏ పాట ఇష్టపడాలి అన్నదానికి మాత్రం పెట్టకండి. పెట్టినా నిలబడదు. మా నాన్న తరం వాళ్ల దగ్గర రేడియో లాక్కున్నారు, వాళ్లు హోటల్ ముందు నిలబడి విన్నారు.

కూర్చుని వినడం ఎలాగో కూడా చెబుతాను, ఎందుకంటే మొదటిసారి ఇబ్బందిగానే ఉంటుంది. "నీకు ఇష్టమైన పాట పెట్టు, నేనూ వింటా" అంటే పిల్లలు మొదట అనుమానంగా చూస్తారు. ఏదో తనిఖీ అనుకుంటారు. సినిమా పాట ఒకటి పెట్టి తప్పించుకుంటారు. అదైనా వినండి. రెండోసారికో మూడోసారికో అసలు పాట బయటకు వస్తుంది. వినేటప్పుడు మీ ఫోన్ చూడకండి. అయ్యాక తీర్పు చెప్పకండి, "బాగుంది" అని అబద్ధం కూడా ఆడకండి. వాళ్లు ఇట్టే పట్టేస్తారు. "ఇందులో నీకు ఏ చోటు ఇష్టం?" అని అడిగితే చాలు. ఆ చోటు ఏమిటో విన్నాక, మీ పదో తరగతి మార్కుల సంగతో, మీ నాన్నగారు మిమ్మల్ని ఏమనేవారో చెప్పాలనిపిస్తే చెప్పండి. గెలిచిన కథ అక్కర్లేదు. "మా కాలంలో కిరోసిన్ దీపం కింద చదివి ఫస్ట్ క్లాసు" అనేది వాళ్లు ఇప్పటికే చాలాసార్లు విన్నారు.

పాటలో ఇంగ్లిష్ అర్థం కాకపోతే పిల్లలనే అడగండి. అర్థం చెప్పేటప్పుడు వాళ్లు మీకన్నా ఒక మెట్టు పైన ఉంటారు, దాని గర్వం ముఖంలో కనిపిస్తుంది. వాళ్లు చెప్పనంటే ఆ పాట పేరు ఒక చీటీ మీద రాసి డైరీలో పెట్టి పంపండి. వాళ్లకు చెప్పే పంపండి, దొంగచాటుగా వద్దు. రెండో శనివారం తప్ప మిగతా శనివారాలు మూడున్నర తర్వాత నేను స్టాఫ్ రూంలోనే ఉంటాను. మీరొస్తే ఇద్దరం కలిసి విందాం. నా దగ్గర చిన్న స్పీకర్ ఉంది.